పొగ లెక్క

చిత్తూరు దాటి పూతలపట్టు రోడ్డెక్కితే
జూన్ నెలంతా తోతాపురి వాసనే.
ఫ్యాక్టరీ గేటు దాకా ట్రాక్టర్ల బారు.
డ్రైవర్లు చక్రాల నీడలో పేకాడుతుంటారు,
పైన కాయ మెత్తబడుతుంటుంది,
రేటు కూడా.

ఆ గేటు దగ్గర దిగాను నేను
నెత్తిన పసుపు హెల్మెట్, చంకలో ల్యాప్‌టాప్,
తిరుపతిలో రెండేళ్లు చదివిన ఎంబీఏ.
మా క్లాసులో సగం మంది బ్యాంకుల్లో ఉన్నారు,
మిగతా సగం బ్యాంకులకు బాకీ ఉన్నారు.
నా ఉద్యోగం సంగతి చెబితే
మా పిన్ని ఇప్పటికీ రెండోసారి అడుగుతుంది:
"పొగకు జీతమిస్తారా ఎవరైనా?"
ఇస్తారు పిన్నీ.
ఈ గుజ్జు డబ్బాలు కొనే దూరదేశపు షావుకారు
డబ్బా వెనక పొగెంతో చెప్పమన్నాడు.
చెప్పకుంటే కొనడట.

బాయిలర్ షెడ్డులో కుప్పయ్య.
ముప్పై ఒక్క సీజన్లు బొగ్గు ఎత్తిపోసిన చేతులు,
మోచేతుల దాకా ఒక్క వెంట్రుక లేదు.
"ఏం పాపా, పొగను దేంతో కొలుస్తావు?
శేరుతోనా, పడితోనా?"
టన్నులు అని నోటిదాకా వచ్చి ఆగింది.
పైకి తేలిపోయేదానికి ఆ బరువేమిటో
నాకూ మొదట్లో అర్థం కాలేదు.

మూడు రోజులు మీటర్లు చూశాను, బిల్లులు చూశాను.
నాలుగో రోజు ఆయనే పిలిచి
పైపుల వెంట నడిపించాడు, చెవి పెట్టమన్నాడు.
ఇక్కడ బుస్సు. అక్కడ ఇంకో బుస్సు.
మూల మలుపులో చీరకొంగంత ఆవిరి
రాత్రీ పగలూ ఊరికే పోతోంది.
"పదకొండేండ్లుగా ఇంతే పాపా."
"మరి చెప్పలేదా?"
"ఎవురడిగినారు?"

ఆ రాత్రి తిరుపతి బస్సులో
తెల్లారితే గుండు గీయించుకోబోయే పిల్లాడొకడు
నా భుజం మీద నిద్రపోయాడు.
వాడి జుట్టు మెడకు గుచ్చుకుంటుంటే
ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి
కుప్పయ్య చెవిని ఎక్సెల్‌లోకి దించాను.
బుస్సు బుస్సుకూ ఇంత బొగ్గు, ఇన్ని రూపాయలు.
రెండేళ్ల చదువు నాకు నేర్పింది ఇదేనేమో,
తెలిసినవాడి మాటను
సంతకం పెట్టేవాడి భాషలోకి మార్చడం.

అడుగున రాశాను:
ఆధారం, జి. కుప్పయ్య, బాయిలర్ షెడ్డు.
బెంగుళూరు ఆఫీసువాళ్లు ఆ ఒక్క వరుస తీసేశారు.
ఫార్మాట్‌లో లేదట.

ఓనరు పట్టాభి నాయుడు
నేను భూమి వేడెక్కుతోందనగానే ఫ్యాను వైపు చూశాడు.
"అదంతా సరేమ్మా. పెట్టిన డబ్బు ఎన్నేండ్లకొస్తుంది?"
బొగ్గు మానేసి చెనక్కాయ పొట్టుతో నడిచే కొత్త బాయిలరు.
అయిదేళ్ల రెండు నెలలు.
తల అడ్డంగా ఊపాడు.
మూడేళ్లకు తెమ్మన్నాడు. కాఫీ తెప్పించాడు.

కొత్తదాన్లో పొట్టు దానంతటదే లోపలికి పోతుంది.
ఎత్తిపోసేవాళ్లు అక్కర్లేదు.
నాకది ముందే తెలుసు.
తెలిసే ఆ గడి ఖాళీగా వదిలాను.
కాఫీ చల్లారకముందే నింపాను:
ముగ్గురు మనుషులు, జీతం, పండగ బోనసు.
మూడేళ్ల ఒక నెల.
"ఇప్పుడు చెప్పావమ్మా మాట" అని సంతకం పెట్టాడు.
పెన్ను నాదే.

మళ్లీ జూన్.
చిమ్నీ మీద బీడీ పొగంత చార.
నాకు ప్రమోషను, ఇంకో నాలుగు ఫ్యాక్టరీలు.
కాలేజీవాళ్లు పిలిచి మాట్లాడమన్నారు,
ఈ రంగంలో భవిష్యత్తు గురించి.
పిల్లలు ఒకటే ప్రశ్న అడిగారు, స్టార్టింగ్ ఎంతని.

ట్రాక్టర్ల బారు పక్కన
తోపుడు బండి మీద ఉడకబెట్టిన చెనక్కాయలు.
కుప్పయ్యే.
"పొగ తగ్గింది పాపా. నా దగ్గు గూడా."
ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని వెతికాను.
దొరకలేదు. దొరికుంటే బాగుండేది.
డబ్బులు తీసుకోలేదు. పొట్లం చేతిలో పెట్టి
ఫ్యాక్టరీ వైపు గడ్డం ఎగరేశాడు:
"పొట్టు పారెయ్యొద్దు, లోపల కొంటారంట."

పాకాల దాటింది బస్సు, చంద్రగిరి దాటింది.
గింజలు ఎప్పుడో అయిపోయాయి.
తడిపొట్టు పిడికిట్లోనే ఉంది,
ఎక్కడ పడేయాలో తెలీక.